మనం నిలబడ్డ లైను

మా బాపుకు ఇంకా మూడేళ్ల సర్వీసుంది. శ్రీరాంపూర్ ఏరియాలో అండర్‌గ్రౌండ్ గనిలో పనిచేస్తాడు. పోయిన దసరా సెలవులకు నేను నస్పూర్ పోయినప్పుడు ఒక రాత్రి సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చి, స్నానం చేసి, అన్నం కూడా తినకుండా నా ముందు ఒక కాగితం పెట్టాడు. చెల్లె నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం. దాని మీద నాలుగు లెక్కలు ఉన్నాయి. సీఎంపీఎఫ్‌లో ఇప్పటికి ఎంత జమైంది, దిగిపోయేనాటికి గ్రాట్యుటీ ఎంత వస్తుంది, ఈసారి లాభాల వాటా ఎంత, అమ్మ మెడలో ఎన్ని తులాలు. కింద గీత గీసి కూడాడు. కూడిక పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

"సరిపోతదా బిడ్డా?" అన్నాడు.

సరిపోదు. ఆ మాట ఆ రాత్రి నా నోట రాలేదు. "చూద్దాం బాపూ, లోన్ ఉంటది కదా" అన్నాను. ఆయన తలూపి అన్నానికి కూర్చున్నాడు.

మన కాలేజీలో థర్డ్ ఇయర్ రెండో సెమ్ మొదలవగానే హాస్టల్ కారిడార్లలో ఏం మాట్లాడుకుంటారో మీకు తెలుసు. జీఆర్ఈ ఎప్పుడు రాస్తున్నవ్, ఏ కన్సల్టెన్సీ, ఎన్నింటికి అప్లై చేస్తున్నవ్, సేఫ్ ఏది, యాంబిషస్ ఏది. పైసల ముచ్చట చిట్టచివర వస్తుంది, అదీ ఒక్క ముక్కలో. "లోన్ అన్నా." నేనూ అదే అన్నాను కాబట్టి ఎవరినీ ఎద్దేవా చేయడానికి కాదు ఇది రాస్తున్నది. ఆ ఒక్క ముక్క వెనక ఏముందో ఈ నాలుగు నెలలు చదివి, అడిగి తెలుసుకున్నాక నాకు ఒక సంగతి అర్థమైంది. అది చెప్పాలి.

డబ్బు లేని విదేశీ విద్యార్థికి అమెరికాలో డబ్బిచ్చి చదివించే చోట్లు నిజంగానే ఉన్నాయి. అవి కొద్దిగానే ఉన్నాయి, అక్కడ సీటు రావడం మహా కష్టం. అయినా ఉన్నాయి. ఇంటర్ తర్వాత చేసే నాలుగేళ్ల బ్యాచిలర్స్ దగ్గర ఒక దర్వాజ ఉంది. పీహెచ్‌డీ దగ్గర ఇంకో దర్వాజ ఉంది. ఈ రెండింటి నడుమ ఎమ్మెస్ ఉంది. అక్కడ ఇచ్చేది మనం, తీసుకునేది వాళ్లు. మన లైను మొత్తం ఆ నడిమి దర్వాజ ముందే ఉంది.

నా ఊహ కాదు ఇది. ఏటా వచ్చే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఆ ఏడాదే మనం చైనాను దాటాం, పేపర్లన్నీ గొప్పగా రాశాయి. అందులో పీజీ, ఆపై చదువుల్లో ఉన్నవాళ్లు 1,96,567. బ్యాచిలర్స్ చదువుతున్నవాళ్లు 36,053. ఆ 36 వేలలో కూడా ఎక్కువమంది పెద్ద నగరాల్లో ఇంటర్నేషనల్ స్కూళ్లలో చదివిన పిల్లలే అయ్యుంటారని నా అనుమానం. సీసీసీ కార్నర్‌లో బస్సెక్కి మంచిర్యాల జూనియర్ కాలేజీకి పోయే పిల్లలైతే కాదు.

ముందు మన నడిమి దర్వాజ సంగతే చూద్దాం. చాలా యూనివర్సిటీలకు ఎమ్మెస్ ఆదాయం తెచ్చే కోర్సు. అందుకే సీటు సులువుగా ఇస్తారు, స్కాలర్‌షిప్ అంటే ఫీజులో కొంచెం తగ్గిస్తారు. టీఏలు, ఆర్ఏలు ఉంటాయన్నది నిజమే, కానీ ఎక్కువగా అవి పోయినంక ప్రొఫెసర్ల చుట్టూ తిరిగి తెచ్చుకునేవి, అడ్మిషన్ లెటర్‌తో పాటు వచ్చేవి కావు. దాని మీద భరోసా పెట్టుకుని విమానం ఎక్కడమంటే లాటరీ టికెట్ కొని ఇల్లు కట్టడం మొదలుపెట్టినట్టే.

ఇక లోన్. ప్రభుత్వ బ్యాంకులో మామూలుగా 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. కొన్ని పేరున్న యూనివర్సిటీలకు మినహాయింపు ఉంది. మనవాళ్లకు ఎక్కువగా సీట్లొచ్చే యూనివర్సిటీలు ఆ జాబితాలో ఉండటం తక్కువ. ఇక్కడే బొగ్గుబాయి పిల్లలకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది, హైదరాబాద్ దోస్తులకు ఎంత చెప్పినా అర్థం కాదు. మేముండేది కంపెనీ క్వార్టర్. బాపు రిటైరైతే తాళం అప్పజెప్పాలి. తాత కట్టిన రేకుల ఇల్లుంది, కానీ అది సింగరేణి స్థలం. కోల్‌బెల్ట్‌లో ఇట్లాంటి ఇండ్లు వేలల్లో ఉన్నాయి. జీవో 76 వచ్చినంక చాలామందికి పట్టాలు వచ్చాయి, రానివాళ్లు ఇంకా తిరుగుతున్నారు. నలభై ఏండ్ల సంది ఉంటున్న ఇంటికి బ్యాంకు మేనేజర్ అడిగే లింకు డాక్యుమెంట్ ఎక్కడి నుంచి తేవాలి? ఊర్లో రెండెకరాలున్న రైతు బిడ్డకు ఉన్న తాకట్టు కూడా, నెల నెలా జీతమొచ్చే గని కార్మికుని బిడ్డకు ఉండదు.

అందుకే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలకు పోతాం. వడ్డీ ఎక్కువ, చదువుతున్నప్పటి నుంచే నెల నెలా కట్టమంటారు. ఆ కట్టేది బాపే.

ఇంకో దారి కూడా చూపించారు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి పోయినప్పుడు మా లెక్క చెప్పాను. వాళ్లు నవ్వి, "ఫండ్స్ చూపెట్టుడు మేం చూసుకుంటం, నువ్వు స్కోరు తెచ్చుకో" అన్నారు. ఐ-20 రావాలంటే మొదటి ఏడాది ఫీజుకు, ఖర్చులకు సరిపడా డబ్బు మన దగ్గర ఉన్నట్టు కాగితం చూపాలి. ఆ కాగితం అద్దెకు దొరుకుతుందన్నమాట. వీసా అయ్యేదాకా ఖాతాలో డబ్బుంటుంది, తర్వాత పోతుంది. మనం మాత్రం అక్కడ ఉంటాం. ఒక సెమిస్టర్ గడిచినాక ఏం చేయాలి? క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, బయట చేస్తే స్టేటస్ పోతుంది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లే ఒక ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి మొదటి విడతలోనే దాదాపు 130 మంది విద్యార్థులను అరెస్టు చేశారు. ఒకరిద్దరు తప్ప అందరూ భారతీయులే, చాలామంది తెలుగువాళ్లు. తక్కువ ఫీజు, మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చన్న మాటే వాళ్లను అక్కడికి లాగింది. వాళ్లది తప్పు కాదని నేననను. కానీ చేతిలో పైసలు ఉన్నవాడు ఎవడూ అటు పోయి ఉండడు.

అప్పు తీర్చే లెక్కంతా అక్కడ ఉద్యోగం వస్తుందన్న ఒక్క నమ్మకం మీద నిలబడింది. 2025 మే చివర్లో వీసా ఇంటర్వ్యూ స్లాట్లు మూడు వారాల పాటు ఆపేశారు. సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు, అక్కడే చదివి స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత చెప్పారు. రేపు ఏమంటారో ఎవరికీ తెలియదు. కంపెనీ పెట్టుబడి పెట్టి గని తవ్వేముందు బోరు వేసి బొగ్గు ఎంత లోతులో ఉందో చూస్తుంది. మనం మాత్రం బోరు వేయకుండానే బాపు పీఎఫ్ అంతా దింపుతున్నాం.

"మరి ప్రభుత్వం ఇస్తది కదా" అంటారు. ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో ఒకటి. 20 లక్షల దాకా గ్రాంటు, ఒకవైపు విమానం టికెట్టు. ఇది పెద్ద సాయమే, దాంతో చదువుకున్న సీనియర్లు మన కాలేజీలోనే ఉన్నారు. కానీ షరతులు చదవండి. నేను చూసిన నోటిఫికేషన్లలో కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు. పర్మినెంట్ గని కార్మికుని జీతం అది ఎప్పుడో దాటింది. మేం అక్కడే ఆగిపోయాం. సరే, మాకంటే లేనివాళ్లకు ముందు ఇవ్వడం న్యాయమే, అందులో నాకు కోపం లేదు.

నా కోపం వేరే దగ్గర. మా లైన్‌లో ఒక కాంట్రాక్ట్ కార్మికుని బిడ్డ ఉంది. నాతోనే పదో తరగతి చదివింది, నాకంటే తెలివైనది. పోయిన దసరాకు పర్మినెంట్ కార్మికులకు లాభాల వాటా సగటున 1 లక్షా 95 వేలు వచ్చింది, వాళ్ల నాన్నకు 5,500. ఆ ఇంటి ఆదాయం షరతుకు లోబడే ఉంటుంది. మరి ఆమెకు 20 లక్షలు ఎప్పుడొస్తాయి? మొదటి 10 లక్షలు అమెరికాలో దిగి, దిగినట్టు ఇమిగ్రేషన్ కాగితం పంపినంక. రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపినంక. అవి కూడా ఆలస్యమవుతున్నాయని, బకాయిలు పేరుకున్నాయని పేపర్లలో ఎన్నిసార్లు చూశాం! అంటే ఐ-20కి చూపే డబ్బు, వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ ఫీజు 350 డాలర్లు, మొదటి సెమిస్టర్ ఫీజు అన్నీ ఆమె ముందే తెచ్చుకోవాలి. లేనివాళ్ల కోసం పెట్టిన పథకం, ముందు ఉన్నట్టు చూపించు, తర్వాత ఇస్తా అంటోంది. ఆ 5 లక్షల లోపు ఇంటివాళ్లు ఆ ముందటి డబ్బు ఎక్కడ తెస్తారు? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు.

ఆ పథకానికి పెట్టిన పేరునే గుర్తుచేసుకుందాం. 1913లో అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీకి పోయింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. నెలకు 11.50 పౌండ్లు, మూడేళ్లు. న్యూయార్క్‌లో దిగి రశీదు పంపితే అప్పుడిస్తామని శాయాజీరావు గైక్వాడ్ అనలేదు. మన తెలుగాయన ఎల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో బోస్టన్ చేరింది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ భరోసా, మామగారు పోగుచేసిన డబ్బుతో. అవి చాలక ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివాడు. వందేళ్ల తర్వాత మన పిల్లలు పెట్రోల్ బంకులో రాత్రి డ్యూటీ చేస్తున్నారంటే, ఈ విషయంలో మనం ముందుకు నడిచింది ఎంత?

ప్రభుత్వం చేయగలిగింది పెద్ద కష్టమైనదేమీ కాదు. ఎంపికైన విద్యార్థికి ముందే ఒక మంజూరు పత్రం ఇవ్వాలి, ఐ-20కి, బ్యాంకుకు పనికొచ్చేలా. మొదటి విడత నేరుగా యూనివర్సిటీ ఖాతాకు పంపాలి. జిల్లా కలెక్టరేట్ ఇప్పుడు మా నస్పూర్‌లోనే ఉంది. అప్లికేషన్ పట్టుకుని అక్కడికి నడుచుకుంటూ పోయే దూరంలో ఉన్న పిల్లలకే ఈ పథకం అందకపోతే ఎవరికి అందుతుంది?

ఇప్పుడు ఆ మొదటి దర్వాజ. దీని గురించి నాకు తెలిసింది బీటెక్ థర్డ్ ఇయర్‌లో. తెలియాల్సింది తొమ్మిదో తరగతిలో.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ కాలేజీలు బ్యాచిలర్స్ సీటు ఇచ్చేటప్పుడు విదేశీ విద్యార్థికి డబ్బు అవసరమా లేదా అన్నది చూడవు. 2022లో డార్ట్‌మత్, బౌడిన్ కూడా వాటిలో చేరాయి. సీటు ఇచ్చాక ఆ ఇల్లు ఎంత కట్టగలదో లెక్కేసి మిగతాదంతా కాలేజీయే భరిస్తుంది. అది అప్పు కాదు, గ్రాంటు. హార్వర్డ్ 2025-26 నుంచి కుటుంబ ఆదాయం లక్ష డాలర్ల లోపుంటే ఫీజు, హాస్టల్, తిండి ఏదీ కట్టనక్కర్లేదంది, విదేశీ విద్యార్థులకూ అదే సూత్రం. లక్ష డాలర్లంటే 80 లక్షల పైన. మా ఏరియాలో జీఎంకు కూడా అంత రాదనుకుంటా.

విని ఎగిరిపోకండి. హార్వర్డ్‌లో వందమంది అప్లై చేస్తే సీటు వచ్చేది దాదాపు నలుగురికే. మిగతా కాలేజీల్లో చాలావరకు విదేశీయుడు సాయం అడిగితే అడ్మిషన్ అవకాశం తగ్గుతుంది. అడగకుండా సీటు తెచ్చుకుని తర్వాత అడుగుదామంటే కుదరదు, చాలా కాలేజీలు తర్వాత ఇవ్వవు. ఇంకా చిన్న చిన్న ముళ్లు ఉన్నాయి. శాట్ పరీక్షకు ఫీజు మాఫీ మన దేశంలో ఉన్నవాళ్లకు లేదు. ఇంటి ఆదాయం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారానికి కూడా ఫీజుంది, కొన్ని కాలేజీలు దాని బదులు ఉచిత ఫారం ఇస్తాయి, అడగాలి. అప్లికేషన్ ఫీజు కట్టలేమని కామన్ యాప్‌లోనే చెప్పుకోవచ్చు. గడువులు ఎక్కువగా జనవరి 1 చుట్టుపక్కల ఉంటాయి, అదే నెలలో జేఈఈ మెయిన్. ప్రిన్సిపాల్ నుంచి స్కూల్ రిపోర్టు, టీచర్ల ఉత్తరాలు కావాలి. పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా స్టడీ అవర్లు నడిపే కాలేజీలో నాకు ఉత్తరం రాయగలిగేంతగా నా పేరు తెలిసిన సార్ ఎవరున్నారని ఆలోచించాను. ఒక్కరు గుర్తుకొచ్చారు. తెలుగు మేడం.

ఇక వ్యాసాలు రాయమంటారు. నువ్వెవరు, ఎక్కడ పెరిగావు, నిన్ను తయారుచేసింది ఏమిటి అని. మనవాళ్లు బెదిరేది దీనికే. నాకైతే నవ్వొస్తుంది, ఎందుకంటే మన దగ్గర మార్కుల కంటే ఎక్కువ ఉన్నది అదే. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ పెట్టినప్పుడు కిటికీ అద్దాలు అదిరే ఊరు, సైరన్ మోత తప్పితే గుండె జారే ఆడవాళ్లు, మస్టర్ పడిందా లేదా అన్నదాని మీద నడిచే ఇల్లు. ఇవి రాయడానికి కోచింగ్ అక్కర్లేదు.

ఉన్నది ఉన్నట్టు రాయాలి, అంతే. 2024లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో ఒక భారతీయ విద్యార్థి కేసు బయటపడింది. సర్టిఫికెట్లు, ఆదాయ పత్రాలు దొంగవి చేసి, బతికున్న తండ్రి చనిపోయాడని మరణ ధ్రువపత్రం పెట్టి పూర్తి సాయం తెచ్చుకున్నాడు. అరెస్టయ్యాడు, దేశానికి తిరిగి పంపేశారు. వాణ్ని తిట్టుకోవడం తేలిక. నేను ఆలోచించేది, రేపు నిజంగానే గనిలో తండ్రి పోయిన పిల్లవాడు ఎవడన్నా ఆ కాగితం పెడితే, దాన్ని ఎవరైనా ఎంత అనుమానంగా చూస్తారు అని. వాడు దొంగిలించింది ఆ పిల్లవాడి సీటును.

బీటెక్‌కు వచ్చేసిన మనకు ఆ దర్వాజ మూసుకుంది. మిగిలింది పీహెచ్‌డీ. మనలో చాలామందికి తెలియని సంగతి, నాలుగేళ్ల బీటెక్‌తో ఎమ్మెస్ లేకుండానే అమెరికాలో నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చు. ఇంజనీరింగ్, సైన్స్ డిపార్ట్‌మెంట్లలో మామూలుగా ఫీజు మాఫీ చేసి, నెల నెలా స్టైపెండ్ ఇస్తారు, ఇన్సూరెన్స్ ఉంటుంది. బదులుగా క్లాసుల్లో సాయం చేయాలి, ల్యాబ్‌లో పనిచేయాలి. ఐదారేళ్లు పడుతుంది. "ఐదేళ్లా? అప్పటికి మనోడు కారు కొంటడు" అని నా రూమ్మేట్ అన్నాడు. నిజమే, కొంటాడు, ఈఎంఐలో. 2025లో అక్కడ ప్రభుత్వ పరిశోధన నిధులు కోసేశాక చాలా డిపార్ట్‌మెంట్లు సీట్లు తగ్గించాయి కూడా. ఇప్పుడు ఇదీ సులువు కాదు. దీనికి కావాల్సింది ఒక్కటే, రీసెర్చ్ చేసి ఉండటం. మన దగ్గర మేజర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కొచ్చే అలవాటుంది. ఆ కొన్న ప్రాజెక్టు ఖరీదు ఎంతో ఇప్పుడు తెలుస్తోంది నాకు. సెకండ్ ఇయర్ వాళ్లు చదువుతుంటే ఒక్క మాట: మన డిపార్ట్‌మెంట్‌లో పేపర్లు రాసే సార్లు ఇద్దరు ముగ్గురైనా ఉన్నారు, పోయి వాళ్ల తలుపు కొట్టండి. సార్లు తిడతారేమో అనుకున్నాను, నన్ను కూర్చోబెట్టి చాయ్ తాగించారు.

నేను ఎమ్మెస్‌కు అప్లై చేయడం లేదు. ఈ సెమ్‌లో ఒక సార్ దగ్గర పనిలో చేరాను, ఏడాదిన్నర చూస్తాను. కుదరకపోతే ఇక్కడే గేట్ రాసి ఎంటెక్, అందులోనూ స్టైపెండ్ వస్తుంది. ఇది అందరూ చేయాలని కాదు. అప్పు చేసి పోయి బాగుపడ్డవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు, వాళ్లు పంపిన డబ్బుతో లేచిన ఇండ్లు నేను రోజూ చూసినవే. తెలిసి ఎంచుకుంటే అది వేరే సంగతి. నేను ఎంచుకోలేదు, అందరూ నిలబడ్డారని నిలబడ్డాను.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు బాపుకు ఇదంతా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. దసరానాటి కాగితం బీరువాలో బట్టల కింద ఉంది, అది తీసి అమ్మ తులాల లెక్క ఉన్న లైను కొట్టేశాడు. మిగతా మూడు అట్లనే ఉంచాడు.

మా చెల్లె తొమ్మిదో తరగతి. ఆ రాత్రి దాన్ని కూర్చోబెట్టి ఆమ్‌హర్స్ట్ వాళ్ల పేజీ తీసి చూపించాను. ఫీజు, హాస్టల్, పుస్తకాలు, ఒక్కొక్కటి చదువుకుంటూ పోయింది.

"అన్నా, మెస్ బిల్లు గూడ వాళ్లే కడతరా?"

"కడతరు."

"ఉత్తగనేనా?"

"సీటొస్తే."

నమ్మలేదు. ఫోన్ నా చేతిలోంచి గుంజుకుని మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.